పాత లాంచీని తేలే ఆసుపత్రిగా మార్చడానికి కంపెనీలు డబ్బులిస్తాయా? (ఓడల పని, సీఎస్ఆర్ అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు, ఈ సంగతులు తెలిసినవాళ్లు చూడండి)

#1 లంకగట్టు

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో ఓ లంక గ్రామం. గోదారికి పెద్ద వరదొస్తే నాలుగైదు రోజులు నీళ్ల మధ్యే ఉంటాం. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు మా వీధిలో నిండు చూలాలిని మంచం మీద పడుకోబెట్టి నాటు పడవలో ఏటిగట్టుకు చేర్చాం. ఆ రాత్రి మర్చిపోలేను.

సంగతేంటంటే, కాకినాడలో ఒకాయన దగ్గర పాత ఇనుప లాంచీ ఉంది. వయసు 30 ఏళ్ల పైమాటే. తుక్కు ధరకే ఇస్తానంటున్నాడు. మా బడి పూర్వ విద్యార్థుల సంఘం దాన్ని కొని ఓపీ, ప్రసవాల గది, చిన్న ల్యాబు, కుదిరితే ఎక్స్‌రే పెట్టాలని అనుకుంటోంది. ఒక కంపెనీ వాళ్లు "ఐడియా చాలా బాగుంది, ప్రపోజల్ పంపండి" అన్నారు. పక్కన కంపెనీ పేరు పెద్దక్షరాల్లో రాయాలట. మాకు అభ్యంతరం లేదు.

ఇలాంటిది ఎక్కడన్నా జరిగిందా? డబ్బులు ఎలా పోగుచేశారు? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 బ్లాంటైర్_బావ

మీ పోస్టు చూసి లాగిన్ అయ్యానండి, రెండేళ్ల తర్వాత. నేను ఆఫ్రికాలో మలావి అనే దేశంలో ఉద్యోగం. ఇక్కడి సరస్సు దక్షిణ కొసన మంకీ బే అని రేవుంది. అక్కడ 'చౌన్సీ మేపుల్స్' అనే ఓడను చూశాను. 1899లో గ్లాస్గోలో తయారుచేసి, మళ్లీ విప్పి, వేల ముక్కలుగా ఆఫ్రికాకు పంపారు. సముద్రం, తర్వాత జాంబేజీ, షిరే నదులు, పడవలు పోలేని జలపాతాల చోట నేల మీద మోత. 11 టన్నుల బాయిలర్‌ను చక్రాల బండి మీదకెక్కించి 450 మంది ఎన్‌గోనీ తెగ మనుషులు 64 మైళ్లు లాగారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1901లో సరస్సులోకి దించారు. అప్పట్లో అది మిషనరీల బడి, ఆసుపత్రి, బానిస వ్యాపారుల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఆశ్రయం. సరస్సులో మునిగి చనిపోయిన బిషప్ పేరు పెట్టారు. (ఓడకు ఆ పేరు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి!) 1967లో ఆవిరి ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టారు.

మీ ప్రశ్నకు సంబంధించింది ఇది: 2009లో దాన్ని మళ్లీ తేలే క్లినిక్‌గా మార్చడానికి ట్రస్టు పెట్టారు. ముందు నడిచింది లండన్‌లో ఓడల బీమా చూసే థామస్ మిల్లర్ కంపెనీ. అంటే ఓడలతో బతికేవాళ్లనే ఓడ కోసం అడిగారు. ఆ కిటుకు మీకూ పనికొస్తుంది. కాకినాడ, విశాఖ రేవుల మీద బతికే కంపెనీలను అడగండి. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఓడ అంటే ఫొటో.

#3 పాతపేపర్లు

బావగారూ, ఆ ఓడ నీళ్లలోకి తిరిగొచ్చిందా మరి?

#4 బ్లాంటైర్_బావ

అనుకున్న టైముకు రాలేదు. ట్రస్టు పెట్టి ఏళ్లు గడిచినా నేను చూసినప్పుడు పని అయిన ఓడలా లేదు. 1951 నాటి 'ఇలాలా' ఫెర్రీ మాత్రం మొన్నమొన్నటిదాకా మనుషుల్ని, మేకల్ని, మొక్కజొన్న బస్తాల్ని మోస్తూనే ఉంది. దానికి విరాళాలు అడిగినట్టు నేను వినలేదు, టికెట్టు కొని ఎక్కే ఓడ.

#5 ఉక్కుతుప్పు

విశాఖ. షిప్‌యార్డులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. హల్ మెయింటెనెన్స్, అంటే ఓడ అడుగు, పక్కల రేకుల పని. నా మాట కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి శ్రీమాన్ లంకగట్టు గారూ.

"తుక్కు ధరకే ఇస్తా" అన్నాడంటే అతను మీకు ఉపకారం చేయడం లేదు. తుక్కు విలువే ఉన్నదాన్ని తుక్కు ధరకు అమ్ముతున్నాడు, గుజరాత్‌లో ఓడలు కోసే అలంగ్‌దాకా లాక్కెళ్లే ఖర్చు మిగుల్చుకుంటున్నాడు. ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి. ముందు గట్టు మీదకు లాగించి అడుగు చూడాలి. నీళ్లలో ఉండగా చూసినవాడు చూడనట్టే లెక్క. సుత్తితో కొట్టండి, మంచి రేకు గంటలా మోగుతుంది, తిన్న రేకు మట్టికుండలా పలుకుతుంది. తర్వాత అల్ట్రాసోనిక్ గేజింగ్ చేయించి ప్రతి రేకు మందం రాయించుకోండి. అసలు మందంలో నాలుగోవంతు పోయిందంటే ఆ రేకు మార్చాల్సిందే. అమ్మేవాళ్లు పాడైన చోట పైన ఇంకో రేకు అతికి రంగేస్తారు, దాన్ని డబ్లర్ అంటారు. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పుండు మీద పట్టీ ఎన్నున్నాయో లెక్కపెట్టినట్టు.

ఇంజన్ గదిలో పైపులకు చుట్టిన తెల్లటి దళసరి గుడ్డలాంటిది కనబడితే చేత్తో ముట్టుకోకండి. ఆస్బెస్టాస్ అయ్యుండచ్చు. ఆసుపత్రి పెట్టబోయే చోట అదుంటే తీయించే ఖర్చే లాంచీ ధరను మించుతుంది.

ఇక ఎక్స్‌రే. బరువు పై అంతస్తులో పెడితే లాంచీ ఒరుగుతుంది. మార్పులు చేశాక ఇన్‌క్లైనింగ్ టెస్టు (బరువులు పక్కకు జరిపి ఎంత ఒరుగుతుందో చూడటం) చేయించి స్టెబిలిటీ లెక్క కొత్తగా కట్టించాలి. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ఏం జరిగిందో గోదారి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

#6 అలజడి

పెద్దాయనా, మంచి పని చేద్దామని వచ్చినవాణ్ణి భయపెట్టేస్తున్నారు 😀 మన దేశంలో ఏ పాత ఓడనూ బతకనివ్వం. పాత యుద్ధనౌక విక్రాంత్‌ని 2012 దాకా మ్యూజియంగా ఉంచి, నడపడానికి డబ్బు లేదని 2014లో 60 కోట్లకు అమ్మేశారు. ఆ ఇనుముతో ఒక కంపెనీ బైకులు చేసి అమ్ముకుంది! విరాట్‌ను మన రాష్ట్రమూ అడిగింది, చివరికి 2020లో అలంగ్ పోయింది. కంపెనీలకు ఓడను కాపాడటం కంటే ఓడ కథను అమ్ముకోవడం తేలిక.

#7 ఉక్కుతుప్పు

@అలజడి భయం కాదు నాయనా. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదకొచ్చిన బంగ్లాదేశ్ ఓడను రెస్టారెంటు చేస్తామని ఎంత ప్రచారం చేశారో మా ఊళ్లో అందరికీ తెలుసు. ఉప్పుగాలికి తుప్పు పట్టడం మాత్రం ఏ ప్రకటనతోనూ ఆగలేదు. కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి బీచ్‌లో నిలబడిందంటే దాన్ని నీళ్లలోంచి తీసి కాంక్రీటు మీద పెట్టారు కాబట్టి. గట్టు మీదున్న దాన్ని కాపాడటం వేరు, నీళ్లలో తేలేదాన్ని కాపాడటం వేరు.

#8 సీఎస్ఆర్_గుమాస్తా

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇదే నా ఉద్యోగం, ఏ కంపెనీ అని అడగొద్దు. లంకగట్టు గారూ, డబ్బు వైపు సంగతులు చెప్తాను.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. వైద్యం 7వ షెడ్యూల్లో ఉంది కాబట్టి మీ పని అందులోకి వస్తుంది. మీ సంఘం సొసైటీగా రిజిస్టరై, సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. అది లేకుండా ప్రపోజల్ ఎంత బాగున్నా మా మేడమ్ తెరిచి చూడరు.

లాంచీ ఎవరి పేరున ఉంటుందన్నది పెద్ద ప్రశ్న. సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. మీ సొసైటీ పేరునో, ప్రభుత్వ సంస్థ పేరునో ఉండాలి. అంటే మునిగినా, తుప్పుపట్టినా, ఎవరైనా కేసు వేసినా మీ మెడకే. ఇది ఫొటో దిగే రోజున ఎవరూ చెప్పరు.

పక్కన పేరు పెద్దక్షరాల్లో అన్నారు చూడండి, అక్కడ ఆగండి. సరుకుకు ప్రచారం రావడానికి చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందకు రాదని రూల్స్‌లోనే రాశారు. "ఫలానా వారి సహాయంతో" అని చిన్న బోర్డు వేరు, ఓడంతా వాళ్ల రంగు వేయడం వేరు. ఆ రెండో దానికి మార్కెటింగ్ బడ్జెట్‌లోంచి ఇమ్మనండి. ఇస్తారు కూడా, అడగాలి అంతే.

#9 పాతపేపర్లు

పేరు సంగతి వచ్చింది కాబట్టి బంగ్లాదేశ్ కథ చెప్పాలి. 1994లో ఈవ్ మార్ అనే ఫ్రెంచి ఆయన నదుల్లో సరుకు మోసే బల్లపరుపు బార్జిని సముద్రాలు దాటించి ఫ్రాన్స్ నుంచి బంగ్లాదేశ్‌కు తెచ్చాడు. ఏట్లో తిరగాల్సిన పంటును సముద్రం మీద తోలుకొచ్చాడన్నమాట. రూనా ఖాన్ అనే ఆవిడ దాన్ని ఆసుపత్రి చేయించింది. 2002లో మొదలైంది. డబ్బిచ్చింది యూనిలీవర్. ఆ ఆసుపత్రి పేరేంటో తెలుసా? 'లైఫ్‌బాయ్ ఫ్రెండ్‌షిప్ హాస్పిటల్'. అవును, మన ఎర్ర సబ్బే. లైఫ్‌బాయ్ అంటే మునిగేవాడికి విసిరే ట్యూబు కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది లెండి.

వాళ్లది జమునా నదిలోని చరులు (మన యమున కాదు, బ్రహ్మపుత్రకు అక్కడి పేరు). చరు అంటే మన లంకలాంటిదే గాని మన లంక నయం, ఉన్నచోట ఉంటుంది. అక్కడ ఈ ఏడు ఉన్న ఊరు వచ్చే ఏడు నదిలో కలుస్తుంది. భవనం కడితే భవనమూ పోతుంది. అందుకే ఆసుపత్రినే తేల్చారు. తర్వాత ఎమిరేట్స్ ఎయిర్‌లైన్ ఫౌండేషన్ డబ్బుతో రెండో ఓడ వచ్చింది.

మూడో ఓడ కథ ఇంకా రుచిగా ఉంటుంది. పర్యావరణం కోసం పోరాడే గ్రీన్‌పీస్ వాళ్ల 'రెయిన్‌బో వారియర్' పేరు విన్నారుగా. 1957లో చేపలు పట్టడానికి కట్టిన ఓడ, 1989 నుంచి గ్రీన్‌పీస్‌లో తిరిగింది. 2011 ఆగస్టులో దాన్ని రూనా ఖాన్ నడిపే ఈ ఫ్రెండ్‌షిప్ సంస్థకు ఇచ్చేశారు. పేరు 'రొంగ్‌ధొను' అని మార్చారు, బెంగాలీలో ఇంద్రధనుస్సు. సముద్రతీరపు ఊళ్లకు వైద్యం మోసింది.

#10 అలజడి

చూశారా! పని అయ్యింది కదా. ఇప్పుడేమంటారు ఉక్కుతుప్పు గారూ?

#11 ఉక్కుతుప్పు

పాతపేపర్లు గారు కథ సగంలో ఆపారు. మిగతాది నేను చెప్తాను, మా పనివాళ్లందరికీ తెలిసిన సంగతి. 2018లో ఆ ఓడను బంగ్లాదేశ్ తీరంలో ఇసుక మీదకు ఎక్కించి తుక్కు చేశారు. ఓడలను బీచ్ మీద కోయించడం తప్పని ఏళ్ల తరబడి పోరాడింది ఆ గ్రీన్‌పీసే. చివరికి వాళ్ల ఓడే అక్కడ కోతకెళ్లింది. తప్పు జరిగిందని వాళ్లే ఒప్పుకున్నారు.

ఓడ దానమిచ్చిన రోజున ఫొటోలుంటాయి, దాని చావు ఖర్చు ఎవరిదో మాత్రం రాసుకోరు. మీ కాగితంలో రాయించండి. 61 ఏళ్ల ఓడ ఏడేళ్లు రోగుల్ని చూసింది, ఆ ఏడేళ్లను నేను కాదనను.

#12 టైన్_తీరం

న్యూకాజిల్ నుంచి. ఇక్కడి టైన్ నది ఒడ్డున హెబ్బర్న్‌లోనే 'ఆఫ్రికా మెర్సీ' ఆసుపత్రి ఓడగా మారింది, మా ఇంటి ఓనరు అందులో వెల్డరు, ఇప్పటికీ టీ తాగుతూ అదే చెప్తాడు. అది డెన్మార్క్‌లో రైళ్లను మోసిన ఫెర్రీ, 1980 నాటిది. వంతెన కట్టాక దానికి పని లేకుండా పోయింది. ఓడల మీద ఉచితంగా వైద్యం చేసే మెర్సీ షిప్స్ సంస్థవాళ్లు 1999లో కొన్నారు. పట్టాలుండే అంతస్తే ఆసుపత్రి అయ్యింది, అయిదు ఆపరేషన్ థియేటర్లు. కొన్నది 1999, రోగుల్ని చూడటం మొదలెట్టింది 2007! మధ్యలో షిప్‌యార్డు కంపెనీయే దివాలా తీసింది. అందులో డాక్టర్ల నుంచి వంటవాళ్ల దాకా తమ ఖర్చు తామే పెట్టుకుని వస్తారు. లంకగట్టు గారూ, మీ దాతలకు ఎనిమిదేళ్ల ఓపిక ఉందా?

వాళ్ల మొదటి ఓడ 'అనస్తాసిస్' 1953 నాటి ఇటలీ ప్రయాణికుల నౌక. దాని చివరి మజిలీ కూడా మన అలంగే, 2007లో.

#13 డాక్టరమ్మ_మన్యం

అందరూ ఓడ గురించే మాట్లాడుతున్నారు. రోగి గురించి ఒక్కరూ అడగలేదు.

లంకగట్టు గారూ, మామూలు రోజుల్లో మీ లంక నుంచి పంటు మీద గట్టుకు ఎంతసేపు? పావుగంటా? గట్టు మీద ఆటో దొరుకుతుందా? దొరికితే సంవత్సరంలో 340 రోజులు మీ జనం మీ లాంచీ ఎక్కరు. అమలాపురం పోతారు. నేనైనా అదే చేస్తాను. మీకు అసలు అవసరం వరద రోజుల్లో. ఆ రోజుల్లో గోదారి ఉరవడికి మీ పెద్ద లాంచీని రేవులోంచి కదలనిస్తారా? వరదలో లాంచీలను ఆపేస్తారు కదా.

వరదలో మనుషుల్ని బతికించేది లాంచీలోని ఎక్స్‌రే కాదు. నెలలు నిండినవాళ్ల జాబితా ముందే రాసుకుని, వరద హెచ్చరిక రాగానే గట్టుకు తరలించడం. డయాలసిస్ వాళ్లు, బీపీ, షుగరు మందుల వాళ్లు, పాము కాటు ఇంజక్షను. మా ఏజెన్సీలో వాగులు పొంగే ముందు ఏఎన్ఎం, ఆశా కలిసి చేసే పని ఇదే. అస్సాంలో బ్రహ్మపుత్ర మీద 2005లో 'అఖా' అనే బోట్ క్లినిక్ మొదలైంది, తర్వాత ఇంకా చాలా వచ్చాయి. అవి పాత ఓడలు కావు, అక్కడి పనివాళ్లు కట్టిన పడవలు. నేషనల్ హెల్త్ మిషన్ డబ్బుతో డాక్టరు, నర్సులు జీతం తీసుకుని వెళ్తారు. నా దృష్టిలో అస్సాం వాళ్ల తెలివి పడవలో లేదు, ఆ జీతంలో ఉంది.

#14 లంకగట్టు

డాక్టరమ్మ గారూ, పన్నెండు నిమిషాలండి పంటు మీద. ఏం చెప్పాలో తెలీట్లేదు. ఆయ్, మీరు చెప్పింది నిజమే. కానీ కంపెనీవాళ్లను నర్సు జీతం ఇమ్మని అడిగితే "అది అడ్మిన్ ఖర్చు, 5 శాతం దాటకూడదు" అన్నారు. లాంచీకైతే ఇస్తారట.

#15 సీఎస్ఆర్_గుమాస్తా

తప్పు! ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ ఆఫీసు నడుపుకోడానికి పెట్టుకునే ఖర్చు మీద పరిమితి. మీ క్లినిక్‌లో నర్సు జీతం, మందులు, డీజిల్ ప్రాజెక్టు ఖర్చే. రూల్స్‌లోనే స్పష్టంగా ఉంది. చాలామందికి తెలీదు, కొందరికి తెలిసీ చెప్పరు, ఎందుకంటే జీతానికి రిబ్బను కట్టలేం.

ఇంకోటి. కంపెనీ 'ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు' అని ఒప్పుకున్నా మొదలుపెట్టిన ఏడాది కాక మూడేళ్లే. ఆ తర్వాత మళ్లీ ఒప్పించుకోవాలి. 30 ఏళ్ల లాంచీకి నాలుగేళ్ల డబ్బు. మీరే ఆలోచించండి.

జీవన్‌రేఖ అనే ఆసుపత్రి రైలు చూడండి. 1991లో రైల్వే ఇచ్చిన పాత బోగీలతో ఇంపాక్ట్ ఇండియా వాళ్లు మొదలెట్టారు. కంపెనీలను "రైలు కొనివ్వండి" అని అడగరు. "ఈ స్టేషన్లో పెట్టే క్యాంపు ఖర్చు మీది" అంటారు. ఒక్కో మజిలీకి ఒక్కో దాత. కంపెనీకి చెప్పుకోడానికి ఒక లెక్క ఉంటుంది, రైలు మాత్రం ఎవరి దయ మీదా ఆగిపోదు. మీరూ అలా అడగండి, రేవుకొకరు.

#16 మెట్టఊరోడు

మా మండలానికి ఓ కంపెనీ ఆరేళ్ల కిందట మొబైల్ క్లినిక్ వ్యాన్ ఇచ్చింది. ఎమ్మెల్యే జెండా ఊపాడు. ఏడాదిన్నర తిరిగింది. డ్రైవరు జీతం ఆగింది, తర్వాత టైర్లు పోయాయి. ఇప్పుడు పంచాయతీ ఆఫీసు వెనక కోళ్లు పడుకుంటున్నాయి అందులో. అది వ్యాన్. లాంచీ అయితే కోళ్లకు కూడా పనికిరాదు.

#17 అలజడి

కోళ్లు 😂😂 సరే, నేను ఒప్పుకుంటున్నా. అయినా ఒక మాట. 450 మంది బాయిలర్ లాగారంటేనే కదా మనమంతా ఇక్కడ చేరాం? నర్సు జీతం అని టైటిల్ పెట్టుంటే ఈ థ్రెడ్‌కు ఎన్ని రిప్లైలు వచ్చేవి? కంపెనీవాళ్లూ మనలాంటివాళ్లే.

#18 డాక్టరమ్మ_మన్యం

@అలజడి ఆ 450 మందికి కూలి ఎంతిచ్చారో బావగారు చెప్పలేదు.

#19 బ్లాంటైర్_బావ

నాకూ ఎవరూ చెప్పలేదమ్మా. అడుగుతాను.

#20 లంకగట్టు

ఆలస్యానికి క్షమించండి, మూడు వారాలైంది. ఉక్కుతుప్పు గారు దారి ఖర్చులు, భోజనం చాలని చెప్పి నిజంగానే కాకినాడ వచ్చారు. లాంచీని ఒడ్డుకు లాగమంటే యజమాని రెండు రోజులు నసిగాడు. లాగాక చూస్తే అడుగున ఏడు డబ్లర్లు. గేజింగ్‌లో 8 మిల్లీమీటర్ల రేకు కొన్నిచోట్ల 4కి దిగింది. ఒకచోట పెద్దాయన సుత్తి దెబ్బకు లోపలికే పోయింది. యజమాని "ఇది మీరే చేశారు" అని గొడవ. టీ తాగించి వచ్చేశాం.

కంపెనీకి కొత్త ప్రపోజల్ రాశాం. ఇద్దరు నర్సులు, మూడేళ్ల జీతం, మందుల పెట్టె, జులై నుంచి అక్టోబరు దాకా అద్దెకు ఓ చిన్న బోటు, సరంగుతో సహా. నెలలు నిండినవాళ్ల జాబితా ఆశా అక్కతో కలిసి మొదలుపెట్టాం. నాలుగు లంకల్లో ఇప్పటికి పదకొండు మంది ఉన్నారు. కంపెనీవాళ్లు "ఓడ లేదా?" అని నిరుత్సాహపడ్డారు. ఇంకా జవాబు లేదు. రేవు కాంట్రాక్టరు ఒకాయన మాత్రం బోటు అద్దె తను పెట్టుకుంటానన్నాడు, బోర్డు కూడా వద్దన్నాడు.

#21 ఉక్కుతుప్పు

అద్దె బోటు మాట్లాడేముందు దాని అడుగు కూడా చూడాలి. లైఫ్ జాకెట్లు ఎన్నున్నాయో, తాళ్లు కుళ్లాయో లేదో చూడండి. ఆదివారం మనవరాలి పుట్టినరోజు, రాను. సోమవారం పొద్దున సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరతాను. భోజనంలో పులస అడగను, సీజన్ కాదు.